పాత ట్రాక్టరులో వచ్చిపోవు విద్యుత్తు

బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడిన పిమ్మట ఈ ప్రాంతపు చెరకు దూరపు మిల్లులకు పోవలసి వచ్చినది. కోసిన చెరకు నిలువయున్నకొలది అందలి చక్కెర తరుగును. కనుక పాత ట్రాక్టరు దారిలో ఆగి మరల స్టార్టు కాకున్నచో నష్టము రైతునకే.

దీపములు వెలుగుచున్నవి గనుక విద్యుత్తు సరిగానే అందుచున్నదనియు, స్టార్టరు మోటారే చెడినదనియు పలువురు తలంతురు. మనము తరగతిలో చదివిన ఓమ్ సూత్రముతో దీనిని పరీక్షింతము. ఎర్త్ తీగ బిగింపులో తుప్పు వలన 0.02 ఓముల నిరోధ మేర్పడిన దనుకొందము. 5 ఆంపియర్ల దీపమునకు అచ్చట పోవునది 0.1 వోల్టు మాత్రమే. 200 ఆంపియర్లు లాగు స్టార్టరునకో, 4 వోల్టులు పోవును. 12 వోల్టులలో ఇది మూడవ వంతు! కుదుపులకు, వేడికి ఆ బిగింపు ఒకప్పుడు వదులగును, మరొకప్పుడు కుదురుకొనును. దోషము వచ్చిపోవుటకు కారణ మిదియే.

పరీక్ష సులభము. బండి మొరాయించుచున్నప్పుడే గేరును న్యూట్రలులో నుంచి, వోల్టుమీటరు ఒక కొనను బ్యాటరీ ఎర్త్ టెర్మినలునకు, రెండవ కొనను ఇంజను ఇనుమునకు తాకించి స్టార్టరు తిప్పవలెను. అర వోల్టునకు మించి చూపినచో దోషము ఆ దారిలోనే కలదు. బ్యాటరీ నుండి స్టార్టరునకు పోవు తీగను గూడ అట్లే కొలువవలెను. రెండును సరిగా నున్నపుడే బ్యాటరీని, స్టార్టరును శంకింపవలెను.

మరమ్మతులో ఎర్త్ తీగను మొదట విప్పి, చివర బిగించుట క్షేమము. తుప్పు గీకి, బిగించి, పైన గ్రీజు పూసిన చాలును. కొలిచి చూచినవాడు అనవసరముగా కొత్త బ్యాటరీ కొనడు.