తంగేడు చెక్క నుంచి బూటు దాకా

తిరుపత్తూరు



గ్వాంగ్‌జౌ పాఠం చదివి, "ఒక్క ఆజ్ఞతో ఊరు మారిపోతుందా తాతా?" అని రాశావు. మారుతుంది తల్లీ. 1757లో చైనా చక్రవర్తి చియెన్‌లుంగ్ ఐరోపా ఓడలన్నీ ఆ ఒక్క రేవుకే రావాలన్నాడు. 85 ఏళ్లు ఆ బేరమంతా అక్కడి వర్తకుల చేతుల్లోనే నడిచింది. 1842లో నాంకింగ్ ఒప్పందం మరో నాలుగు రేవులను తెరిచింది. ఆ తర్వాత వాటిలో ఒకటైన షాంఘై దశ తిరిగింది.

అంత దూరం ఎందుకు? మన ఆంబూరు, వాణియంబాడి చూడు. సముద్రం లేకపోయినా వాటి బతుకు మద్రాసు రేవులో ఓడెక్కే తోలు సరుకు మీదే.

పూర్వం ఇక్కడ తోళ్లను తంగేడు చెక్క ఊరిన నీళ్లలో నానబెట్టి, కరక్కాయతో పదును చేసేవారు. తంగేడంటే మన పచ్చపూల చెట్టే, అరవంలో ఆవారం. 'ఈస్ట్ ఇండియా తోళ్లు' అనే పేరుతో అవి లండన్ చేరేవి. రంగు, నునుపు, బూటు, వాటి మీద లాభం అంతా అక్కడే. 1972లో ప్రభుత్వం వేసిన సీతారామయ్య కమిటీ దీన్ని తప్పుబట్టింది. మరుసటి ఏడాది నుంచి పచ్చితోళ్ల ఎగుమతి ఆగింది, సగం పదును చేసిన వాటికి కోటా పడింది, పూర్తిగా తయారైన తోలుకు ప్రోత్సాహం దక్కింది. క్రమంగా బూట్ల ఫ్యాక్టరీలు లేచాయి. వాటిలో కుట్టు మిషన్ల ముందు కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే. ఆ నిర్ణయం సరైనదనే నేనంటాను.

కానీ ఏ సరుకు బయటికి వెళ్లాలో చెప్పిన విధానం, తోళ్లను క్రోమియంతో పదును చేయగా మిగిలిన నీళ్లు ఎక్కడికి వెళ్లాలో చెప్పలేదు. అవి పాలారు నదిలోకీ మన బావుల్లోకీ వచ్చాయి. కిలో తోలుకు 35 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయని, తోళ్ల ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల భూమి పూర్తిగానో కొంతగానో సాగుకు పనికిరాకుండా పోయిందని సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28 నాటి తీర్పులో రాసింది. వేలూరు పౌర సంక్షేమ వేదిక వేసిన కేసది. పాడుచేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం ఈ దేశపు చట్టంలో భాగమేనని ఆ తీర్పే చెప్పింది. డాలర్ల లెక్క వేసేవాళ్లు ఈ లెక్క కూడా వేయాలి.

2025 బడ్జెట్‌లో, రంగూ మెరుగూ ఇంకా పూర్తికాని క్రస్ట్ తోలు మీద 20 శాతం ఎగుమతి సుంకం ఎత్తేశారు. 1973లో వేసిన గడియ కొంత తీసినట్టే. కుట్టు మిషన్ల దగ్గరి ఆడవాళ్లకు ఇది మేలా, కీడా? నీ చదువుకు ఇదే సరైన ప్రశ్న.

సెలవులకు రా. షిఫ్టు వదిలే వేళకు ఆంబూరు వెళ్లి వాళ్లనే అడుగుదాం. వచ్చేదారిలో పాలారులోకి దిగుదాం.

నీ తాత