పాత జిప్సీ – కొత్త మోటారు



ట్రాన్స్‌ఫర్ ఆర్డరు రాగానే మీ అందరి ఇళ్ళలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "ఏం తీసుకెళ్దాం? ఏం వదిలేద్దాం?" కూలరు అమ్మేయాలా, మంచం ఎవరికైనా ఇచ్చేయాలా, ఇత్తడి బిందె లారీ ఎక్కాలా వద్దా అని రాత్రి భోజనాల దగ్గర చర్చ జరుగుతుంది. మా ఇంట్లోనూ అంతే. కానీ కిందటి సెలవుల్లో ఆ ప్రశ్న ఒక బండి దగ్గర ఆగింది. ఈ పాఠం ఆ బండి గురించే.

అనకాపల్లిలో మా నాన్నగారి పెరట్లో ఒక పాత జిప్సీ ఉంది. పాడేరు ఘాట్ రోడ్డు మీద, వాగుల్లో, ఎర్రమట్టి దారుల్లో ఏళ్ళ తరబడి తిరిగిన బండి. మొదటి పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ ఎప్పుడో అయిపోయింది. అయిదేళ్ళకు చేయించిన రెన్యువల్ కూడా ముగియవచ్చింది. పెట్రోలు మంచినీళ్ళలా తాగుతుంది. "తుక్కుకి ఇచ్చేద్దాం" అని నాన్నగారే అన్నారు. ఆ మాట అన్నాక రెండు రోజులు ఆయన పెరటివైపు వెళ్ళలేదు.

అప్పుడు డిప్లొమాలో ఎలక్ట్రికల్ చదువుతున్న మా మేనల్లుడు అన్నాడు: "అత్తా, ఇంజన్ తీసేసి మోటారు పెట్టేద్దాం. మన పెరట్లోనే చేసేయొచ్చు."

ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి అప్పటికే పానాల పెట్టె తెచ్చేశాడు.

"పానాలు తర్వాత. ముందు కాగితం, పెన్సిలు తీసుకురండి" అన్నాం.

ఇది జరిగే పనేనా?

జరిగే పనే. మీలో సైనిక కుటుంబాల పిల్లలకు జిప్సీని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. కంటోన్మెంటులో మీరు రోజూ చూసిన బండే. 1985లో మన దేశంలో మొదలైన ఈ బండి తేలికైనది, నాలుగు చక్రాలకూ బలం అందేది. 2023 ఏప్రిల్‌లో ఢిల్లీలో సైనిక కమాండర్ల సమావేశం జరిగినప్పుడు అక్కడ ఒక ఎలక్ట్రిక్ జిప్సీని ప్రదర్శించారు. అది కొత్త బండి కాదు. పాత జిప్సీలోనే పెట్రోలు ఇంజన్ స్థానంలో 30 కిలోవాట్ల ఎలక్ట్రిక్ కిట్ అమర్చారు. సైన్యం, ఐఐటీ ఢిల్లీ, అక్కడి ఒక అంకుర సంస్థ కలిసి చేసిన పని అది. ఒకసారి చార్జి చేస్తే సుమారు 120 కిలోమీటర్లు నడుస్తుందని చెప్పారు.

ఇలా పాత వాహనంలో కొత్త శక్తి వ్యవస్థను అమర్చడాన్ని రెట్రోఫిట్ అంటారు.

తీసేవి ఎన్ని? ఉంచేవి ఎన్ని?

కాగితం మీద నిలువుగా గీత గీసి, ఎడమవైపు "తీసేవి", కుడివైపు "ఉంచేవి" అని రాయమన్నాం.

తీసేవి: ఇంజన్, రేడియేటర్, సైలెన్సర్, పెట్రోలు టాంకు.

ఉంచేవి: చాసిస్, బాడీ, స్టీరింగు, బ్రేకులు, కమాను పట్టీలు, ఇరుసులు, గేరుబాక్సు, బలాన్ని ముందు చక్రాలకు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు.

"మోటారు సున్నా వేగం నుంచే పూర్తి బలంతో లాగుతుంది కదా, గేరుబాక్సు ఎందుకు?" అని మేనల్లుడి సందేహం. మంచి ప్రశ్నే. చదునైన రోడ్డు మీద తిరిగే చిన్న కారుకైతే చాలాసార్లు ఒకే గేరు సరిపోతుంది. కానీ బురదలో దిగబడిన బండి మెల్లగా, చాలా బలంగా కదలాలి. ఆ పని లో గేరు చేస్తుంది. పైగా ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సు వెనకే ఉంది. అది లేకపోతే నాలుగు చక్రాల బలమే లేదు. అందుకని గేరుబాక్సును ఉంచి, దాని ముందు ఇంజన్ చోట మోటారును బిగిస్తారు. రెండింటికీ మధ్య ఒక లోహపు పలక ఉంటుంది. మోటారు ఇరుసు, గేరుబాక్సు ఇరుసు ఒకే సరళరేఖలో ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా అదురు పుట్టి బేరింగులు అరిగిపోతాయి.

జాబితా పూర్తయిందని పిల్లలిద్దరూ సంతోషించారు. అంతవరకూ వాలుకుర్చీలో కూర్చుని వింటున్న నాన్నగారు అడిగారు:

"ఘాట్‌లో దిగుతుంటే ఇంజన్ ఆగిపోయిందనుకో, బ్రేకు ఏమవుతుందో తెలుసురా?"

"ఏమవుతుంది తాతయ్యా?"

"ఒకటి రెండుసార్లు తొక్కితే పడుతుంది. తర్వాత రాయిలా బిగుసుకుపోతుంది. నాకు రెండుసార్లు అయింది. మరి మీరు ఇంజనే తీసేస్తున్నారుగా?"

ఎవరూ మాట్లాడలేదు. నాన్నగారు ఎలక్ట్రికల్ చదవలేదు. కానీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బ్రేకుకు బూస్టర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. పెట్రోలు ఇంజన్ గాలి పీల్చుకునేటప్పుడు పుట్టే శూన్యాన్ని అది వాడుకుని మన కాలి బలాన్ని పెంచుతుంది. ఇంజన్ తీసేస్తే ఆ శూన్యం ఉండదు. అందుకే రెట్రోఫిట్ బండిలో విద్యుత్తుతో నడిచే చిన్న వాక్యూమ్ పంపు పెడతారు. అది లేకుండా ఘాట్ దిగితే ప్రాణాలతో చెలగాటమే.

ఆ కాగితాన్ని చింపేసి కొత్తది మొదలుపెట్టాం. ఈసారి తలకట్టు మారింది: "ఇది ఏ పని చేస్తోంది? రేపు ఆ పని ఎవరు చేస్తారు?" అలా రాస్తుంటే ఇంజన్ మాకు తెలియకుండా చేస్తున్న పనులు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

- బండిని లాగడం: ఇక మోటారు చేస్తుంది.
- బ్రేకుకు సాయం: వాక్యూమ్ పంపు.
- దీపాలకు, హారనుకు, వైపర్లకు 12 వోల్టుల విద్యుత్తు: ఇప్పటిదాకా ఇంజన్ తిప్పే ఆల్టర్నేటర్ ఇచ్చింది. ఇక పెద్ద బ్యాటరీ వోల్టేజిని 12కు తగ్గించే కన్వర్టర్ ఇస్తుంది.
- దిగుడులో బండిని పట్టి ఉంచడం: ఇక మోటారే జనరేటరుగా మారి వేగాన్ని తగ్గిస్తుంది. ఆ విద్యుత్తు తిరిగి బ్యాటరీలోకి వెళ్తుంది. కానీ కొండమీద బ్యాటరీని పూర్తిగా నింపి బయలుదేరితే ఆ విద్యుత్తుకు చోటుండదు. అప్పుడు మోటారు పట్టు తగ్గుతుంది. కనుక బ్యాటరీలో కొంచెం ఖాళీ ఉంచుకుని దిగాలి.
- చప్పుడు: ఇది కూడా ఒక పనే! చప్పుడు విని మనుషులు, మేకలు పక్కకు తప్పుకుంటాయి. నెమ్మదిగా వెళ్ళే ఎలక్ట్రిక్ బండి దాదాపు వినబడదు. డ్రైవరే ఎక్కువ జాగ్రత్త పడాలి.

లెక్క వేద్దాం

కరెంటు బిల్లులో యూనిట్లు అని చూస్తారు కదా. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. మా జిప్సీ లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. 100 కిలోమీటర్లకు 10 లీటర్లు, అంటే 90 యూనిట్లు. ఇందులో చాలా భాగం వేడిగా పోతుంది. చక్రాలదాకా అయిదో వంతు చేరుతుందనుకుంటే 18 యూనిట్లు.

విద్యుత్తు దారిలో నష్టం తక్కువ. బ్యాటరీ నుంచి చక్రాలకు 85 శాతం చేరుతుందనుకుంటే, ఆ 18 యూనిట్ల కోసం సుమారు 21 యూనిట్లు చాలు. 90 ఎక్కడ, 21 ఎక్కడ!

మాకు 60 కిలోమీటర్లు నడిస్తే చాలు. దానికి దాదాపు 12.7 యూనిట్లు. బ్యాటరీని అడుగంటా వాడకూడదు. 80 శాతమే వాడుకుందాం అంటే 16 యూనిట్ల బ్యాటరీ కావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ ఒకటి 3.2 వోల్టులు. 100 ఆంపియర్ అవర్ల సెల్లులు 50 వరసగా కలిపితే 160 వోల్టులు, 16 యూనిట్లు. ఇంట్లోని 16 ఆంపియర్ల ప్లగ్గు నుంచి గంటకు 3.3 యూనిట్ల చొప్పున నింపితే అయిదు గంటలు పడుతుంది.

ఇది చదునైన దారికి వేసిన లెక్క. ఘాట్ ఎక్కేటప్పుడు, బురదలో, వానలో ఈ 60 తగ్గుతుంది.

ఇంట్లో చేయదగినవి, చేయకూడనివి

ఇక్కడ మాకూ మేనల్లుడికీ కొంచెం వాదన జరిగింది. ఊళ్ళో ఒకాయన ఎక్కడివో పాత బ్యాటరీలు చవకగా తెచ్చి బిగించి ఇస్తానన్నాడట. "కాగితాలు తర్వాత చూసుకోవచ్చత్తా" అని వీడి ధీమా.

రెండు కారణాలతో వద్దన్నాం.

మొదటిది ప్రాణం. 160 వోల్టుల డీసీ విద్యుత్తు మనిషిని చంపగలదు. ఇంట్లో మెయిన్ ఆపినట్టు బ్యాటరీని ఆపలేం. వైర్లు విప్పినా సెల్లులో శక్తి ఉండనే ఉంటుంది. పానా జారి రెండు ధ్రువాల మధ్య పడితే నిప్పులు చిమ్ముతాయి. అందుకే ఈ బళ్ళలో ఎక్కువ వోల్టేజి వైర్లకు నారింజ రంగు తొడుగు వేస్తారు. నారింజ రంగు వైరు కనిపిస్తే పిల్లలు చెయ్యి పెట్టకూడదని గుర్తుంచుకోండి. సెల్లుల వేడిని, వోల్టేజిని కనిపెట్టి చూసే బీఎంఎస్, ఫ్యూజు, అత్యవసరంగా వలయాన్ని తెంచే స్విచ్చి తప్పనిసరి. వాగులు దాటే బండికి బ్యాటరీ పెట్టెలోకి నీరు చొరకూడదు. పెట్టె మీద ఐపీ67 అని ఉంటే దుమ్ము చొరదని, మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని అర్థం.

రెండోది చట్టం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. ఎలక్ట్రిక్ కిట్‌కు ఏఐఎస్-123 అనే ప్రమాణం ఉంది. పుణేలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థలు కిట్‌ను పరీక్షిస్తాయి. ఆమోదం పొందిన కిట్‌ను అధీకృత కేంద్రంలో అమర్చాక, ఆర్సీలో "పెట్రోలు" బదులు "ఎలక్ట్రిక్" అని మార్పించుకోవాలి. అది చేయకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమా కూడా ఆదుకోకపోవచ్చు.

మరి ఇంట్లో చేయడానికి ఏముంది? చాలా ఉంది. తుప్పు గీకడం, అడుగు రేకు బాగుచేయించడం, చక్రాల బేరింగులకు గ్రీజు పెట్టడం, బ్రేకులు సరిచూడడం, బ్యాటరీ పట్టే చోటు కొలవడం, తీసే బరువు, పెట్టే బరువు లెక్క రాసుకోవడం. కుళ్ళిన చాసిస్ మీద ఎంత ఖరీదైన మోటారు పెట్టినా దండగే.

చివరికి ఏమైంది?

మేమంతా తుప్పు గీకుతుండగానే మాకు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది! ఆ సాయంత్రం మేనల్లుడు తనంతట తానే అన్నాడు: "మంచిదైంది అత్తా. ఇంజన్ దింపేసి ఉంటే ఈ బండి అటు పెట్రోలుదీ కాదు, ఇటు కరెంటుదీ కాదు. గేటు కూడా దాటేది కాదు."

అందుకే మా వరస ఇలా రాసుకున్నాం: ముందు ఆమోదం ఉన్న కిట్ మా మోడల్‌కు దొరకాలి, తర్వాత ఆర్టీఓ అనుమతి, ఇంజన్ దింపడం అన్నిటికంటే చివర. కిట్ కోసం వాకబు చేస్తున్నాం. ఈలోగా అడుగు రేకుకు రెడ్ ఆక్సైడ్ పూత పడింది. నాన్నగారు రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరట్లోకి వెళ్ళి బండి చుట్టూ ఒకసారి తిరిగి వస్తున్నారు. తుక్కు మాట మళ్ళీ ఎత్తలేదు.

సామాను సర్దేటప్పుడు మా అబ్బాయి అదే పద్ధతిలో కాగితం రాశాడు. కూలరు: "కొత్త ఊరు చల్లన. పని లేదు." అమ్మేశాం. అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె దగ్గర ఆగి, చాలాసేపు ఆలోచించి రాశాడు: "నీళ్ళు పట్టడానికి ప్లాస్టిక్ బిందె ఉంది. అమ్మమ్మను గుర్తు చేయడానికి ఇంకోటి లేదు."

బిందె లారీ ఎక్కింది.

పదాలు తెలుసుకుందాం

ఇరుసు: చక్రం దేని మీద తిరుగుతుందో ఆ కడ్డీ. ఎడ్లబండికీ ఇదే మాట.
కమాను పట్టీలు: కుదుపును తగ్గించే వంపు ఉక్కు పట్టీలు.
పానా: మరలు బిగించే, విప్పే పనిముట్టు.
శూన్యం: గాలి లేని లేదా బాగా తగ్గిన స్థితి.
వెంట్రుకవాసి: చాలా కొద్దిపాటి తేడా.

ఆలోచించండి – చేయండి

1. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 100 కిలోమీటర్లలో ఎన్ని యూనిట్ల పెట్రోలు శక్తి ఖర్చవుతుంది? పై పద్ధతిలోనే విద్యుత్తుకు ఎన్ని యూనిట్లు కావాలి?
2. పిల్లలకు తోచనిది తాతయ్యకు ఎలా తోచింది? అయిదు వాక్యాల్లో రాయండి.
3. మీ ఇంట్లో పారేయాలనుకుంటున్న ఒక పాత వస్తువును తీసుకోండి. అది చేస్తున్న పనులన్నీ రాయండి. ప్రతి పని ఎదురుగా, రేపు ఆ పని ఎవరు చేస్తారో రాయండి. ఖాళీగా మిగిలిన గడిని మీ అమ్మానాన్నలకు చూపించండి.