వజ్రము – పలుగురాయి

తొలకరి జల్లు కురిసినంతనే కర్నూలు జిల్లాలోని మద్దికెర, తుగ్గలి, జొన్నగిరి ప్రాంతపు పొలములలో జనులు తలలు వంచి నడచుచుందురు. వాన పైమన్నును కడిగివేయగా వజ్రమేదైన కంటబడునేమోనని వారి ఆశ. కూలి మానుకొని వచ్చినవారును అందులో నుందురు. కాని చేతికి చిక్కిన మెరుపురాయి పెక్కుసార్లు వట్టి పలుగురాయియే. ఈ రెంటికిని భేదము పరమాణువుల బంధములలోనే యున్నది.

రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాను జంటను పంచుకొనునపుడు, దానిని తనవైపునకు లాగుకొను శక్తిని ఋణవిద్యుదాత్మకత యందురు. అమెరికా శాస్త్రజ్ఞుడు లైనస్ పౌలింగ్ 1932లో దీనికొక కొలమానము నేర్పరచెను. నేటి లెక్కలో సోడియము విలువ 0.93, క్లోరిను విలువ 3.16. తేడా 2.23. ఇంత తేడా యున్నచోట పంపకమునకు తావు లేదు. ఎలక్ట్రాను క్లోరిను పాలగును. అట్లేర్పడిన అయానుల ఆకర్షణయే అయానిక బంధము. మనము తిను ఉప్పు ఇట్టిదే. పొలములో పడిన ఉప్పుగల్లు ఒక్క వానకు కరగిపోవును.

పలుగురాయిలో సిలికాను 1.90, ఆక్సిజను 3.44, తేడా 1.54. ఇచ్చట జంట పంచుకొనబడినను ఆక్సిజను వైపు ఒరగియుండును. ఇది ధ్రువ సమయోజనీయ బంధము. తేడా 1.7 దాటినచో అయానిక బంధమని స్థూలముగా చెప్పుదురు గాని, ప్రకృతి అట్టి గీత నేదియు గీయలేదు.

వజ్రములో నున్నది కార్బను ఒక్కటే. తేడా సున్న. సమబలముగల రెండెద్దుల మెడపై కాడివలె జంట ఎటును ఒరగదు. ఒక్కొక్క కార్బను నాలుగు కార్బనులతో ఇట్లు ముడివడి, రాయి అంతయు ఒకే అల్లికయై యుండును. అందుచే మోస్ కాఠిన్యపు కొలతలో వజ్రము 10, పలుగురాయి 7. వజ్రము పలుగురాతిపై గీత పెట్టును. పలుగురాయి వజ్రముపై పెట్టజాలదు. సుత్తితో కొట్టి చూచుట మాత్రము తగని పరీక్ష. కఠినమైనను వజ్రము కొన్ని తలముల వెంబడి చీలిపోవును.

జొన్నగిరి నేలలో బంగారమును కలదు. దాని విలువ 2.54, కార్బను విలువ 2.55. బంగారములోను పక్కపక్క పరమాణువుల నడుమ తేడా సున్నయే. అయినను అది వజ్రమువలె లేదు! తేడా ఒక్కటే చూచినచో ఇచ్చట మోసపోవుదుము. బంగారములో కొన్ని ఎలక్ట్రానులు ఏ రెండు పరమాణువుల నడుమను నిలువక ముద్ద అంతటను సంచరించును. ఇదియే లోహబంధము. పరమాణువుల వరుసలు జరిగినను ఈ బంధము తెగదు. కావుననే వజ్రమును చీల్చు సుత్తిదెబ్బకు బంగారము రేకుగా సాగును.