రీడరు మూతబడితే మరొకటి ఎంచుకోవడమెలా?

మా సంగంలో పెన్న మీది పాత ఆనకట్టకు బదులుగా 2022లో బ్యారేజీ వచ్చింది. కట్టడం మారింది గాని నీరు పెన్నదే. వార్తల ఫీడ్ రీడరు సంగతీ అంతే. 1999లో పుట్టిన ఆర్.ఎస్.ఎస్. పద్ధతిలో పత్రిక తన కొత్త శీర్షికలను ఒక ఫైలులో పెడుతుంది. రీడరు వాటిని తెచ్చి మనకు చూపుతుంది. ఫీడు పత్రికది, రీడరు మోసుకొచ్చేది మాత్రమే.

2005లో మొదలైన గూగుల్ రీడరు 2013 జూలై 1న మూతబడింది. ఆ సంగతి మార్చిలోనే ప్రకటించారు. నేను ఫీడ్ల జాబితా దింపుకొని, నక్షత్రం గుర్తు పెట్టి దాచుకొన్న వ్యాసాలను “చూద్దాంలే” అని వదిలేశాను. ఏళ్ళ తరబడి ఏరుకొన్నవన్నీ పోయాయి. తప్పు నాదే.

అప్పటినుంచి కొత్త రీడరుకు మూడు పరీక్షలు పెడుతున్నాను. ఒకటి: ఫీడ్ల చిరునామాలుండే ఓ.పి.ఎం.ఎల్. ఫైలును తీసుకోవడమే గాక తిరిగి ఇస్తుందా? రెండు: ఆ ఫైలులో వ్యాసాలుండవు గనుక, దాచుకొన్నవాటిని వేరే ఇస్తుందా? మూడు: దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఫీడ్లీ, ఇనోరీడర్ వంటివి కొంత ఉచితంగా, మిగతాది చందాకు ఇస్తాయి. ఫ్రెష్ ఆర్.ఎస్.ఎస్. ఉచితమే గాని సర్వరు మనమే చూసుకోవాలి.

మిత్రులారా, ఏది ఎంచుకొన్నా నెలకోసారి జాబితానూ, దాచుకొన్న వ్యాసాలనూ దింపి పెట్టుకోండి. నీళ్ళు పోయాక గట్టు కడితే ఏం లాభం?