క్రిస్మసు కార్డులకు సిరా పూతలు

పఠనభాగములు: హబక్కూకు 2:2, సంఖ్యాకాండము 5:23, కొలొస్సయులకు 2:14, 3 యోహాను 13.



పండుగ సమీపించుచున్నది. మన సండేస్కూలు పిల్లలును యౌవనస్థులును మంచము పట్టిన వృద్ధులకును, రోగులకును, కొల్లేటి లంకలలోనున్న బంధువులకును పంపుటకై చేతితో కార్డులు చేయుదురు. ఈ దినములలో పండుగ శుభములు సెల్‌ఫోనులో క్షణములో చేరును, మరు క్షణమున మరుగున పడును. కార్డు అట్లు కాదు. మేము ఇండ్లు దర్శించునప్పుడు గోడ గూటిలోనో, బైబిలు అట్టలోనో ఏడాది పొడుగున నిలిచియున్న కార్డులను చూచుచున్నాము. అయితే కొన్నిటిపైన సిరా పూత మిక్కిలి చిక్కగా నుండుటచేత, దానిమీది వాక్యము పొర కమ్మిన కన్నులకు బొత్తిగా కనబడుట లేదు. ఆ ముసలమ్మకు అందినది రంగు మాత్రమే. అందుచేత ఈ నెల పాఠము సిరా పూతలను గూర్చి.

దర్శనమును పలకల మీద స్పష్టముగా వ్రాయవలెనని, దానిని పరుగెత్తువాడు సహితము చదువగలిగి యుండవలెనని హబక్కూకు ప్రవక్తకు ఆజ్ఞ కలిగెను. అలంకారము కూడదని దీని అర్థము కాదు. బెసలేలుకు చేతిపనుల నేర్పు ఇచ్చినవాడు దేవుడే (నిర్గమకాండము 31). కాని అలంకారము వాక్యమునకు పీటగా నుండవలెను గాని ముసుగుగా నుండరాదు. లండనులో 1843లో హెన్రీ కోల్ అను నతడు మొదటిసారి క్రిస్మసు కార్డును అచ్చు వేయించెను. ఆ కార్డు నడుమ ఒక కుటుంబము ద్రాక్షారసపు గిన్నెలు ఎత్తి త్రాగుచున్న బొమ్మ ఉండెను. పసిబిడ్డకు సహితము త్రాగించుచున్నారని మద్యనిషేధము కోరువారు దానిని తప్పుపట్టిరి. మొదటి కార్డులోనే బొమ్మ ముందుకు వచ్చి, పండుగ వెనుకకు పోయినదన్నమాట!

ఇక సిరా సంగతి. యిర్మీయా చెప్పగా బారూకు సిరాతో వ్రాసెను (యిర్మీయా 36:18). ప్రాచీన కాలమున విరివిగా వాడిన నల్ల సిరా, దీపపు మసిలో జిగురు కలిపి నీటితో నూరినది. అది వ్రాసినదాని పైననే నిలుచును. నీరు పోసి కడిగిన పోవును. యాజకుడు శాపవాక్యములను వ్రాసి వాటిని చేదు నీళ్లలో తుడిచివేయుట సంఖ్యాకాండములో చదువుచున్నాము. మనకు విరోధముగా నున్న చేవ్రాతను క్రీస్తు తుడిచివేసెనని పౌలు కొలొస్సయులకు వ్రాసినప్పుడు, అట్టి సిరాను ఎరిగినవారికి ఆ మాట ఎంత తేటగా తోచియుండునో ఆలోచించుడి.

మన పెద్దలు కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి కాచుకొనిన సిరా దీనికి భిన్నమైనది. పడమటి దేశములలో కరక్కాయకు బదులు మాచికాయ వాడిరి. ఈ సిరా కాగితపు పీచులోనికి దిగి, గాలి తగిలిన కొలది నల్లబడి, కడిగినను పోదు. పత్రములకు అది మంచిదే గాని, దానిలోని పులుపు కాలక్రమమున కాగితమును తినివేయును. దేవాలయ సంగీతమునకు పేరొందిన బాఖ్ 1750లో మరణించెను. ఆయన స్వహస్తముతో వ్రాసిన స్వరపత్రములు అనేకము ఇట్టి సిరా తినివేయగా చెడిపోయినవి. గీతలే అంత హాని చేయగా, కార్డు అంతట పూసిన పూత ఏమి చేయును? కావున అన్నభేది సిరాను పూతకు వాడవద్దు. అంగడిలో దొరకు మామూలు పెన్ను సిరా చాలును. అది ఎండకు వెలియును గనుక కార్డును కిటికీకి ఎదురుగా పెట్టవద్దని చెప్పవలెను.

బందరు దగ్గరి పెడనలో కలంకారీవారు అచ్చు వేయుటకు ముందు బట్టను కరక్కాయ నీటిలోను పాలలోను తడిపి ఆరబెట్టుదురు. కరక్కాయ నలుపును పట్టి నిలుపును, పాలలోని జిడ్డు రంగును ప్రాకనీయదు. మన కాగితమునకును సిద్ధపాటు కావలెను. పల్చని కాగితమైతే సిరా ఊరిపోవును; పలుచని గంజిని వడగట్టి ఒక పూత పూసి నీడను ఆరనిచ్చిన యెడల ప్రాకదు. దళసరి డ్రాయింగు కాగితమునకు ఈ పని అక్కరలేదు.

శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు అచ్చులతో గాక కలముతోనే వ్రాయుదురు. ఆ కలము అను మాట అరబ్బీ, పారసీ భాషల మీదుగా మనకు వచ్చినది. దాని మొదలు రెల్లు అని అర్థమిచ్చు గ్రీకు మాట. యోహాను తన మూడవ పత్రికలో కలమని వ్రాసిన చోట ఉన్నది ఆ గ్రీకు మాటయే. కొల్లేటి గట్టున పెరుగు కిక్కిస కూడ ఆ జాతిదే. ఎండిన కాడను ఏటవాలుగా కోసి, మొన చీల్చిన చక్కని కలము అగును. పెద్ద అక్షరములకు ఇది పెన్నుకంటె మేలు.

పూతకు గిన్నెలో రెండు చెంచాల నీళ్లు పోసి, మూడు నాలుగు చుక్కల సిరా వేయుడి. వేరువేరు సిరాలను గిన్నెలోనే కలుపవలెను. బుడ్డిలో కలిపిన మడ్డి దిగవచ్చును. కాగితమును దూదితో తడిపి, పైనుండి క్రిందికి పూయుడి. తడి మెరయుచుండగానే కొన్ని కల్లుప్పు రవ్వలు చల్లిన యెడల, ఒక్కొక్క రవ్వ చుట్టు సిరా లాగుకొని తెల్లని నక్షత్రమువలె విచ్చుకొనును. పూర్తిగా ఆరిన తరువాతనే ఉప్పు దులుపవలెను. జ్ఞానుల నక్షత్రపు కార్డుకు ఇది తగినది. క్రొవ్వొత్తి ముక్కతో సిలువనో, తొట్టినో గీసి పైన సిరా పూసినను గీత తెల్లగా బయటపడును. పిల్లలు దీనిని చూచి కేకలు వేయుదురు. మైనము మీద కలము నడవదు గనుక వాక్యపు చోటును విడువుడి.

మా మట్టుకు అన్నిటికంటె మెచ్చునది తుంపర పని. కార్డు మీద వేపరెమ్మను గాని చింతాకును గాని పరచి, నడుమ వాక్యము వ్రాయు చోటును ఒక కాగితపు ముక్కతో కప్పుడి. పాత పళ్ల బ్రష్షును సిరాలో ముంచి, విదిలించి, దువ్వెన పండ్ల మీద మీ వైపునకు గీయుడి. సన్నని తుంపర అవతలికి పడును. రెమ్మను తీసిన, ఈనెలతో సహా దాని రూపు తెల్లగా నిలుచును. నడిమి చోటును తెల్లగానే యుండును. చదువుటకు ఇంతకంటె అనుకూలమైన పూత లేదు, ఖర్చును లేదు. జపానులోను తురుష్క దేశములోను నీటి మీద రంగు తేల్చి కాగితమునకు ఎత్తుకొను విద్య కలదు. మన పెన్ను సిరా నీటిలో కరిగిపోవును గనుక దానికి పనికిరాదు.

పూసిన కార్డులను ఒక రాత్రి ఆరనిచ్చి, పాత వార్తాపత్రికల నడుమ పెట్టి, పైన బరువుంచిన వంపు పోవును. వ్రాయకముందు ఒక కార్డును సాయంకాలపు దీపము వద్ద మూరెడు దూరమున పట్టి, ఇంటిలోని పెద్దవారిచేత చదివించి చూడుడి. వారు తడబడిన యెడల మిగిలిన పూతలో ఇంకను నీళ్లు కలుపవలెను. అక్షరములు చిటికెన వ్రేలి గోరంత యుండవలెను, నల్లగా నుండవలెను. ఆ కొలతకు పొడుగు వాక్యము పట్టదు. ఒక్క చిన్న వచనము ఏర్పరచుకొనుడి.

చదువు రానివారికి పంపు కార్డులను పోస్టులో వేయక, చేసిన బిడ్డచేతనే పంపుడి. ఆ బిడ్డ మంచము ప్రక్కను నిలిచి రెండు సారులు బిగ్గరగా చదువవలెను. అధ్యాయ వచనముల సంఖ్యను వెనుక ప్రక్కను పెద్ద అంకెలతో వ్రాసియుంచిన, తరువాత చూడవచ్చు పొరుగువారు బైబిలు తీసి ఆ భాగమంతయు వినిపించుటకు వీలగును.