సీరియల్ పోర్టు లోపాన్ని వెతకడం ఎలా?



నేను బ్యాంకు గుమాస్తాగా పదవీ విరమణ చేసిన బి.కాం. పట్టభద్రుణ్ణి, ఇంజనీరును కాను. అయితే లెక్కల్లోనైనా యంత్రాల్లోనైనా లోపాన్ని వెతికే పద్ధతి ఒక్కటే. మన ట్రస్టు విద్యార్థి వేతనం పొందుతున్న డిప్లొమా, ఇంజనీరింగ్ పిల్లల కోసం ఒక ఉదాహరణ చెబుతాను.

బరంపురంలో మా బంధువుల ధాన్యం కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా ఉంది. బస్తా పెడితే తూకం తీగ ద్వారా కంప్యూటరుకు చేరి బిల్లు తయారవుతుంది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొత్త కంప్యూటరు కొనే స్తోమత లేక, పాతదానిలోనే లినక్స్ వేసి, బిల్లింగ్ ప్రోగ్రామును వైన్ సహాయంతో నడిపారు. ప్రోగ్రాం తెరుచుకుంది గాని తూకం స్థానంలో పిచ్చి గుర్తులు వచ్చాయి. తూకం తప్పితే రైతుకు నష్టం, కొట్టుకు అప్రతిష్ఠ. వైన్‌తో కాదు, అన్నీ కొత్తవి కొనమని కొందరు సలహా ఇచ్చారు. డిప్లొమా చదువుతున్న మా అన్నయ్య మనవడూ నేనూ కలిసి పరీక్షించాం.

వైన్ 1993లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. విండోస్ ప్రోగ్రాం అడిగిన పనిని లినక్స్‌కు అర్థమయ్యేలా అందిస్తుంది. ప్రోగ్రాం ‘కామ్ 1’ అని అడిగితే దాన్ని లినక్స్ పోర్టుకు కలుపుతుంది. అంటే తూకం కాటా, తీగ, యూఎస్‌బీ కన్వర్టర్, లినక్స్, వైన్, ప్రోగ్రాం అనే ఆరు మజిలీలు దాటాలి. బ్యాంకులో సాయంత్రం లెక్క కలవకపోతే ఒక్కో పుస్తకాన్ని విడిగా సరిచూస్తాం. ఇక్కడా అంతే.

1. కాటా తీగ తీసి, కన్వర్టరు 9 పిన్నుల కొసలో 2, 3 పిన్నులను కలపండి. టైపు చేసిన అక్షరం తిరిగివస్తే కన్వర్టరు మంచిదే.

2. పోర్టు అసలు తెరుచుకోకపోతే అనుమతి చూడండి. ఉబుంటు, డెబియన్లలో వాడుకరి ‘డయలవుట్’ గుంపులో ఉండాలి. చేర్చాక లాగవుటై మళ్ళీ లాగిన్ కావాలి.

3. వైన్ లేకుండా, ‘మినీకామ్’ వంటి ప్రోగ్రాముతో కాటాను చదవండి. కాటా పుస్తకంలో ఉన్నట్టు 7 బిట్లు, ఈవెన్ పారిటీ పెట్టగానే మాకు తూకం శుభ్రంగా వచ్చింది. కనుక లినక్స్ వరకు లోపం లేదు.

4. మిగిలినవి వైన్, ప్రోగ్రాం. అప్పుడు కుర్రవాడు, “చిన్న తాతయ్యా, అన్నీ పిచ్చి గుర్తులు కావు. 0, 3, 5, 6, 9 సరిగ్గానే వస్తున్నాయి” అన్నాడు. అసలు కీలకం అదే.

ఆస్కీలో 3 కోడు 0110011. ఇందులో ఒకట్లు నాలుగు, సరిసంఖ్య. కాబట్టి పారిటీ బిట్ 0. 1 కోడు 0110001. ఒకట్లు మూడే కాబట్టి, సరిసంఖ్య చేయడానికి కాటా పారిటీ బిట్‌గా 1 చేరుస్తుంది. అవతలివాడు 8 బిట్లు, పారిటీ లేదు అనుకుంటే ఆ పారిటీ బిట్‌ను కూడా అక్షరంలో భాగంగా చదువుతాడు. 3 చెడదు, 1 చెడుతుంది. రెండు పద్ధతుల్లోనూ ప్రారంభ, ముగింపు బిట్లతో కలిపి మొత్తం 10 బిట్లే కనుక వేగంలో తేడా కనబడదు.

ప్రోగ్రాం నడుస్తుండగా ‘ఎస్‌టీటీవై’ ఆదేశంతో పోర్టును చూస్తే 8 బిట్లు, పారిటీ లేదు అని ఉంది. ప్రోగ్రాం సెట్టింగుల్లోనూ అదే ఉంది! అడిగినదే వైన్ చేసింది. అక్కడ 7, ఈవెన్ అని మార్చగానే అంకెలు కుదిరాయి. తరువాత తూకపు రాళ్ళు మార్చి మార్చి పెట్టి, పది అంకెలూ సరిగ్గా వస్తున్నాయని చూశాకే బిల్లులు మొదలుపెట్టించాం.

పిల్లలూ, ఒకసారికి ఒక్క మార్పే చేయండి. చేసినదాన్ని నోటు పుస్తకంలో రాసుకోండి. తప్పు వచ్చినచోటే కాక, ఒప్పు వచ్చినచోటును కూడా గమనించండి. కొత్తది కొనమనడం ఎవరైనా చెప్పగలరు. ఉన్నదాన్ని బాగుచేసి నలుగురి ఖర్చు తప్పించడమే చదువుకు సార్థకత.

అభ్యాసం: 0 నుండి 9 వరకు ఆస్కీ కోడ్లు రాసి ఒకట్లు లెక్కించండి. ఆడ్ పారిటీ అయితే ఏ అంకెలు చెడతాయో మీరే చెప్పండి.