చెవి చెప్పే తీర్పు

గోడకు తగిలించిన పటంవలె పలుచనైన నేటి టెలివిజన్‌లో బొమ్మకు ఉన్నంత చోటు ధ్వనికి లేదు. దాని స్పీకర్లు చిన్నవి. పైగా చాలావరకు నేలవైపో, గోడవైపో తిరిగి ఉంటాయి. ఆ కొరతను తీర్చడానికి వచ్చినదే సౌండ్‌బార్. పొడవైన ఒకే పెట్టెలో అనేక స్పీకర్లను వరుసగా అమరుస్తారు. మంద్రధ్వనుల కోసం కొన్నింటికి సబ్‌ఊఫర్ అనే వేరొక పెట్టె తోడుగా వస్తుంది.

దీని మంచిచెడ్డలను మనం సాధారణంగా వాట్ల సంఖ్యను చూసి నిర్ణయిస్తాం. మా ఇంట జరిగినదీ అదే. వినికిడి మందగించిన మా నాన్నగారి కోసం, దుకాణంలో అన్నిటికంటె ఎక్కువ వాట్లు గలదానిని ఎంచి తెచ్చాను. ఆ రాత్రి కిటికీ తలుపులు అదిరాయి. నాన్నగారు మాత్రం "చప్పుడు బాగానే ఉంది గాని నాయనా, మాట ఏదీ?" అన్నారు.

ఆ ప్రశ్నలో శాస్త్రం ఉంది. వాట్ శక్తికి కొలమానం, నాణ్యతకు కాదు. శక్తిని రెట్టింపు చేసినా ధ్వని పెరిగేది 3 డెసిబెల్‌లే. చెవికి రెట్టింపుగా తోచడానికి సుమారు 10 డెసిబెల్‌లు, అనగా పదింతల శక్తి కావాలి. మానవుని చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. వయస్సు మీరేకొద్దీ మొదట క్షీణించేది హెచ్చు పౌనఃపున్యాలను గ్రహించే శక్తి. స, శ వంటి హల్లుల స్పష్టత అక్కడే ఉంటుంది. దానిపై మంద్రధ్వని కమ్ముకుంటే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది; ఏమన్నారో తెలియదు.

కనుక పరీక్షను పేలుళ్ల దృశ్యంతో కాక, తక్కువ ధ్వనిలో సంభాషణతో ఆరంభించాలి. దుకాణదారులు వినిపించేది తరచు పేలుళ్లనే! పిమ్మట మీకు బాగా తెలిసిన కచేరీ ఒకటి వినండి. మృదంగంలో తొప్పిపై పడిన దెబ్బ మోగి ఆగుతున్నదా, లేక గుయ్యిమని సాగుతున్నదా? రెండింటిని పోల్చేటప్పుడు ధ్వనిస్థాయి సమానంగా ఉండాలి. లేనిచో బిగ్గరగా మోగినదే మేలైనదని చెవి భ్రమపడుతుంది.

2012లో వెలువడిన డాల్బీ అట్మాస్ విధానంలో ధ్వని పైనుండి కూడా వినబడుతుంది. అందుకై కొన్ని సౌండ్‌బార్లు ధ్వనిని పైకప్పుకు కొట్టి మరలిస్తాయి. సమతలమైన కప్పు కింద ఇది కొంత ఫలిస్తుంది. వాలుగా ఉన్న పెంకుటింట ఫలించదు.

గది కూడా వాద్యమే. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఒక ఉపన్యాసశాలలో మాటలు ప్రతిధ్వనులలో కలిసిపోతుంటే, వాలెస్ సబీన్ అనే ఆచార్యుడు కుర్చీల మెత్తలు తెచ్చి పరచి, అవి ధ్వనిని ఎంత పీల్చుకుంటాయో కొలిచాడు. మన గచ్చునేలలు, నున్నని గోడలు ఉన్న గదులదీ అదే అవస్థ.

మేమూ ఒక జంపఖానా పరిచాం. మూలనున్న సబ్‌ఊఫర్‌ను ఇవతలికి జరిపి, దాని బలాన్ని సగానికి తగ్గించాం. మూలలో ఉంటే మంద్రధ్వని మరింత పెరుగుతుంది. ఆ రాత్రి నాన్నగారు వార్తలు చివరిదాకా విన్నారు. రేపు వాన పడుతుందట, బట్టలు మిద్దెపై ఆరవేయవద్దని లోపలికి కేకవేసి చెప్పారు.